అప్‌డేట్: అమ్మ కోసం ప్రార్థన ఫలించట్లేదని రాసింది నేనే

అమ్మకి స్ట్రోక్ వచ్చాక నెలల తరబడి ప్రార్థించినా కుడిచెయ్యి కదలడం లేదని, దేవుడి మీద నమ్మకం సడలుతోందని, ఏం చేయాలని అడిగాను. "నీ విశ్వాసం చాలట్లేదు" అన్నవాళ్ల మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. బైబిల్లో ఘోరమైన కష్టాలపాలైన యోబు విషయంలోనూ అతని స్నేహితులు తప్పంతా అతని మీదకే నెట్టారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీదే (యోబు 42:7).

నాకు పనికొచ్చింది ఒకరు చదవమన్న 88వ కీర్తన. విలాప కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతి వైపు తిరుగుతాయి. ఇది మాత్రం 18వ వచనంలో చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటిది కూడా బైబిల్లో ఉంచారా అనిపించింది. పైగా ఆ నిష్ఠూరమంతా దేవుడితోనే. ఆ రాత్రి నేనూ అలాగే ప్రార్థించాను. మర్యాదేమీ లేదు, సగం ఏడుపే.

అమ్మ చెయ్యి అలాగే ఉంది. ఫిజియోథెరపీ నడుస్తోంది. నిన్న ఎడమచేత్తో బైబిల్ పేజీ తిప్పబోయి మూడు నాలుగు ఒకేసారి తిప్పేసి, తనే నవ్వేసింది. నా టెన్షన్ పూర్తిగా పోలేదు. మార్కు 9:24లో జబ్బుపడ్డ కొడుకు కోసం యేసుని వేడుకున్న తండ్రిలాగా నమ్ముతున్నానంటూనే, నా అపనమ్మకం విషయంలో సాయం చెయ్యమని అడుగుతున్నాను. ఆదివారం ఆరాధనకి మళ్లీ వెళ్తున్నాను, వెనక బెంచీలోనే అనుకోండి.