వేసవి ఇంటర్న్‌షిప్: మామిడి తోటలో పండు ఈగా? ల్యాబ్‌లో ట్రైకోగ్రామానా?

సిరి_బీజడ్‌సీ:
నమస్కారం. నేను బీఎస్సీ బీజడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) రెండో ఏడాది. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఈ వేసవికి రెండు చోట్ల ఇంటర్న్‌షిప్ అవకాశం వచ్చింది. ఒకటి మామిడి తోటల్లో పండు ఈగ మీద, రెండోది ట్రైకోగ్రామా (పంట పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని చంపే బుల్లి కందిరీగ) పెంచే ల్యాబ్‌లో. ఇంట్లో వాళ్లు "ఎండలో తోటల వెంట తిరగడమెందుకు, హాయిగా ఏసీ గదిలో పని చూసుకో" అంటున్నారు. తర్వాత కీటకశాస్త్రం చదవాలని ఉంది. రెండు చోట్లా రోజంతా నిజంగా ఏం చేయిస్తారు?

తోటలో_టోపీ:
సిరీ, నేను ఎమ్మెస్సీ చేసిందే పండు ఈగ మీద. కాబట్టి నా మొగ్గు ఎటో చెప్పనక్కర్లేదు.

మే నెలలో మన చేలు చాలావరకు ఖాళీ. పత్తి ఏరడం ఎప్పుడో అయిపోయింది, యాసంగి వరి కోతలూ ముగుస్తాయి. గులాబీ రంగు పురుగు పత్తి గింజల్లోనో, ఎండు కాయల్లోనో ముడుచుకుని పడి ఉంటుంది. వేసవిలో పత్తి చేనుకు రమ్మని పిలిచే ఇంటర్న్‌షిప్‌ను నేనైతే నమ్మను. పండు ఈగకు మాత్రం అసలు పండగ ఇప్పుడే. కాయ ముదిరేకొద్దీ దాని సంఖ్య పెరుగుతుంది.

పని ఇలా ఉంటుంది. చిన్న ప్లైవుడ్ ముక్కలను ఆల్కహాలు, మిథైల్ యూజినాల్ (ఈగలను రప్పించే వాసన మందు), మలాథియాన్ (పురుగుమందు) కలిపిన ద్రావణంలో నానబెట్టి, డబ్బాల్లో పెట్టి కొమ్మలకు నీడన కడతారు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. వారం వారం డబ్బా దులిపి, చచ్చిన ఈగలను మైక్రోస్కోపు కింద వేరు చేయాలి. డార్సాలిస్, జొనాటా, కరెక్టా అని మూడు రకాలు కనిపిస్తాయి. మొదట్లో అన్నీ ఒకలాగే ఉంటాయి, తర్వాత రెక్క అంచు చూడగానే పోల్చుకుంటారు. మిథైల్ యూజినాల్ వాసనకు వచ్చేవి మగ ఈగలే. కాయను పొడిచి గుడ్లు పెట్టేది ఆడది. అందుకే డబ్బాలో వంద పడ్డాయంటే తోటలో నష్టం ఇంత అని తేల్చేయకూడదు.

నష్టం చూడాలంటే రాలిన కాయలు ఏరి, ఇసుక పోసిన టబ్బులో పెట్టాలి. నాకు బాగా నచ్చిన పని ఇదే. ముదిరిన పురుగు కాయలోంచి బయటికొచ్చి, విల్లులా వంగి టప్పున ఎగురుతుంది. టబ్బుకు గుడ్డ కట్టకపోతే గదంతా పురుగులే. మిగిలినవి ఇసుకలోకి దిగి కోశస్థ దశకు చేరతాయి, జల్లెడ పట్టి లెక్కపెట్టాలి.

దీని వెనుక డబ్బు సంగతీ ఉంది. ఈ ఈగల మూలంగానే 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన మామిడిని ఆపేసింది, 2015లో గానీ మళ్లీ తలుపు తెరవలేదు.

కార్డు_గుడ్లు:
పైవారు ల్యాబ్ గురించి ఒక్క ముక్కా చెప్పలేదు, కాబట్టి నేను చెబుతాను. ముందు మీ ఇంట్లో వాళ్లకు: ఆ ఏసీ మనుషుల కోసం కాదు, పురుగుల కోసం. ట్రైకోగ్రామాకు గుడ్లు అందించడానికి కోర్సైరా అనే రెక్కల పురుగులను పెంచుతారు, గది బాగా వేడెక్కితే అవి గుడ్లు సరిగా పెట్టవు. వాటిని జొన్న రవ్వలో పెంచి, గుడ్లు జల్లించి, అతినీలలోహిత కాంతిలో ఉంచి లోపలి పిండాన్ని చంపి, కార్డుకు జిగురుతో అంటించాలి. పిండాన్ని చంపకపోతే గుడ్లలోంచి వచ్చిన కోర్సైరా పిల్లలు మిగతా గుడ్లను తినేస్తాయి. తర్వాత ట్రైకోగ్రామాను వదలాలి. అది మిల్లీమీటరు కూడా ఉండదు. గుడ్డు నల్లబడితే పని అయినట్టు. రెక్కల పొలుసులు గాల్లో ఎగురుతాయి, మాస్కు తప్పనిసరి. ఆస్తమా ఉంటే అసలు వద్దు.

నూజివీడు_రైతు:
తోటకు వచ్చే పిల్లలు డబ్బాలు లెక్కపెట్టుకుని వెళ్లిపోతారమ్మా. మందు ఎప్పుడు కొట్టామో, పక్క తోటలో కాయ కోశారో లేదో ఎవరూ అడగరు. క్రితం వారం నేను మందు కొట్టి ఉంటే మీ లెక్క ఏం చెబుతుంది?

సిరి_బీజడ్‌సీ:
అందరికీ ధన్యవాదాలు. నాకు తుమ్ముల బాధ ఉంది, కాబట్టి తోటకే మొగ్గుతున్నాను. టోపీ గారూ, ఆ లెక్కలు నా కాలేజీ ప్రాజెక్టుకు వాడుకోవచ్చా?

తోటలో_టోపీ:
చేరకముందే గైడును అడిగి, మెయిల్‌లో రాయించుకో. ఆఖరి రోజు అడిగితే మొహమాటం, ఆ పైన గొడవ. రైతుగారు చెప్పినట్టు మందు తేదీ, కోత తేదీ, వానకు మూడు గడులు మొదటి రోజే నోట్‌బుక్‌లో గీసుకో. తోట పని పొద్దున పదిలోపు ముగించు. నీళ్ల సీసా పెద్దదే తీసుకెళ్లు.