మన శాతం మార్కులను అమెరికా లా కళాశాలలు ఎలా చూస్తాయి?

ప్రశ్న: మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. నేను బరంపురం విశ్వవిద్యాలయం పరిధిలోని ఒక కళాశాలలో రాజనీతి శాస్త్రం ఆనర్సుతో ప్లస్ త్రీ (మా ఒడిశాలో మూడేళ్ల డిగ్రీ) పూర్తి చేశాను. మొత్తం మీద 64 శాతం వచ్చింది, ఫస్ట్ క్లాసు. అమెరికాలో జేడీ (అక్కడి న్యాయశాస్త్ర పట్టా) చదవాలని ఉంది కానీ, అక్కడి పేరున్న కళాశాలలు ప్రకటించే మధ్యస్థ జీపీఏలు, అంటే చేరినవారిలో సరిగ్గా నడుమ ఉన్న విద్యార్థికి నాలుగుకు లెక్కగట్టిన గ్రేడుల సగటు, చూస్తే గుండె జారిపోతోంది. 64ను 25తో భాగిస్తే 2.56 వస్తోంది. అంతర్జాలంలో దొరికిన ఒక పట్టిక మాత్రం మన దేశంలో 60 దాటితే అక్కడి ‘ఏ’ (A) గ్రేడుతో సమానమని చెబుతోంది. దరఖాస్తులో ఈ రెండింటిలో ఏది రాయాలి? మా వైపు ఆర్ట్స్ సబ్జెక్టుల్లో 70 దాటడమే గగనమన్న సంగతి అక్కడివారికి తెలుస్తుందా? అన్నట్టు, రెండో ఏడాది అర్థశాస్త్రంలో నాకు ఒక బ్యాక్ పేపర్ (తప్పి మళ్లీ రాసిన పరీక్ష) కూడా ఉంది.

జవాబు: బరంపురం వకీలు

అమ్మా, రెండూ రాయవద్దు. మా అమ్మాయి దరఖాస్తు చేసినప్పుడు ఈ వ్యవహారమంతా దగ్గరుండి చూశాను కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

అక్కడి లా కళాశాలలు చాలా వరకు లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్ అనే సంస్థ ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. మార్కుల పత్రాలు, సిఫారసు లేఖలు, ఎల్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు అన్నీ ఆ సంస్థ నడిపే క్రెడెన్షియల్ అసెంబ్లీ సర్వీసుకు చేరి, అక్కడి నుంచి ఒకే నివేదికగా కళాశాలలకు వెళతాయి. అమెరికా, కెనడాలలో డిగ్రీ చదివినవారి గ్రేడులను ఆ సంస్థ తన సొంత కొలమానంలోకి మార్చి జీపీఏ కడుతుంది. ‘ఏ ప్లస్’ (A+) గ్రేడుకు 4.33 ఇస్తుంది కాబట్టి కొందరి సగటు 4.0 దాటుతుంది కూడా. మనలాగా బయటి దేశాల్లో చదివినవారికి ఆ లెక్క కట్టరు. మీ పత్రాలు నిజమైనవో కావో సరిచూసి, మీ విద్యావిధానంలో మీ ఫలితం ఏ స్థాయిదో సుపీరియర్, అబౌ యావరేజ్, యావరేజ్, బిలో యావరేజ్ అనే మాటల్లో ఒకటిగా చెబుతారు. కాబట్టి 2.56 అన్న అంకె మీ నివేదికలో ఎక్కడా కనిపించదు. మీ అంతట మీరు దాన్ని రాసి అమెరికా పిల్లల 3.8 పక్కన నిలబెట్టుకోవడం మీకు మీరే అన్యాయం చేసుకోవడం. 100కు 64 వస్తే వాళ్ల దేశంలో నాసిరకం చదువే గాని, మన విశ్వవిద్యాలయాల్లో అది ఫస్ట్ క్లాసు, ఆ తేడా తెలిసినవారే మూల్యాంకనం చేస్తారు.

జవాబు: నాగావళి (రాయగడ)

వకీలు గారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. కళాశాలలు ఏటా, లా కళాశాలలకు గుర్తింపు ఇచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన 509 కింద, చేరిన విద్యార్థుల జీపీఏ, ఎల్‌శాట్ స్కోరుల మధ్యస్థాలను బహిరంగపరచాలి. జీపీఏయే లేని విదేశీ విద్యార్థి ఆ మధ్యస్థాన్ని పెంచడు, తగ్గించడు. అతని ఎల్‌శాట్ స్కోరు మాత్రం లెక్కలోకి వస్తుంది. అందువల్ల మనవారి విషయంలో 120 నుంచి 180 వరకు ఉండే ఆ స్కోరుపైనే భారం ఎక్కువ పడుతుంది. అమెరికా ప్రభుత్వ విద్యారుణాలు మనకు దొరకవు. స్కాలర్‌షిప్పు ఆశ ఉంటే మీరు ఎంచుకున్న కళాశాల మధ్యస్థం కంటే పైస్కోరు తెచ్చుకోవడమే నమ్మదగిన దారి. 2024 ఆగస్టు నుంచి ఆ పరీక్షలో లాజిక్ గేమ్స్ (తర్కంతో విప్పే చిక్కు ప్రశ్నలు) భాగం లేదు కాబట్టి, పాత పుస్తకాలు కొని డబ్బు దండగ చేసుకోకండి. ఎల్‌శాట్ ఇండియా పేరుతో మన దేశంలో జరుగుతూ వచ్చిన పరీక్ష పూర్తిగా వేరు. అది జేడీకి పనికిరాదు.

మహేంద్రతనయ

ఇద్దరికీ కృతజ్ఞతలు. అంటే ఎల్‌శాట్ బాగా రాస్తే డిగ్రీ మార్కులను ఎవరూ పట్టించుకోరని అనుకోవచ్చా?

బరంపురం వకీలు

అలా అనుకుంటే మునుగుతారమ్మా. సగటు కట్టరంటే మార్కులు చదవరని కాదు. నివేదికతో పాటు మీ మార్కుల పత్రాల నకళ్లు కూడా ప్రవేశాల కమిటీ చేతికి వెళతాయి, బ్యాక్ పేపర్ అందులో కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని దాచే ప్రయత్నం చేయకండి. కారణం చెప్పదగినదైతే నాలుగు వాక్యాల వివరణ జతచేయండి, లేకపోతే వదిలేయండి. సాకులు చెప్పే లేఖ కంటే మౌనం మేలు. మీకు పాఠం చెప్పిన అధ్యాపకుల సిఫారసు లేఖ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. “క్రమశిక్షణ గల విద్యార్థిని” వంటి అరిగిపోయిన మాటలకు బదులు, మీ విభాగంలో ఎందరు చదివారు, వారిలో మీ స్థానం ఎంత, 60 దాటినవారు ఎందరు అన్నది అంకెలతో రాయమని అడగండి. మీరు అడిగిన ఆ 70 సంగతి అక్కడివారికి తెలిసేది ఈ లేఖ వల్లనే. ఇక మీది మూడేళ్ల డిగ్రీ కనుక, దాన్ని అంగీకరిస్తారో లేదో ప్రతి కళాశాల ప్రవేశాల విభాగానికీ ముందే ఈమెయిల్ రాసి తెలుసుకోండి.

నాగావళి

కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. మన చేతిలో ఉండే మార్కు షీట్లు స్కాన్ చేసి పంపితే చెల్లవు. ట్రాన్‌స్క్రిప్టును (అధికారిక మార్కుల పత్రాన్ని) విశ్వవిద్యాలయమే నేరుగా లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్‌కు పంపాలి. ఆ సంస్థ వెబ్‌సైటులో మీరు తెరిచే ఖాతా నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ అభ్యర్థన పత్రం ముద్రించుకుని, దాని మీద ఎల్ అక్షరంతో మొదలయ్యే మీ ఖాతా సంఖ్య ఉందో లేదో చూసుకుని, పరీక్షల విభాగంలో ఇవ్వండి. కవరు అతికించాక దాని మూత మీద సంతకం, ముద్ర రెండూ పడేలా దగ్గరుండి చూసుకోండి. నా కవరు ముద్ర లేకుండానే సిద్ధమైంది. గుమాస్తా గారిని బతిమాలి మళ్లీ వేయించుకోవలసి వచ్చింది.

ఇంకొకటి, మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా బడిలో దాన్ని చివరికి చేరుస్తారు, పాస్‌పోర్టులో మరోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఖాతా తెరిచి, మార్కు షీటు మీద ఉన్న పేరును ఇతర పేర్ల గడిలో నమోదు చేయండి.