పాలకూర పప్పు రోజూ వండుతున్నాం, అందులోని ఫోలేట్, ఐరన్ ఒంటికి పట్టాలంటే?

ప్రశ్న:
గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టేలోపు తిండి సరిచేసుకోవాలనుకుంటున్నాం. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి, అండం విడుదల గాడి తప్పే సమస్య) ఉంది. పాలకూర ఉడికించి, నీళ్లు వార్చేసి పప్పులో కలుపుతున్నాం. పైన అవిసె గింజలు చల్లుతున్నాం. తినగానే టీ. ఏం మార్చాలి? పప్పు ఎక్కువ తింటే ఫోలిక్ యాసిడ్ (మాత్ర రూపంలోని ఫోలేట్) మానేయొచ్చా?

జవాబు 1:
మాత్ర మాత్రం మానొద్దండి. రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన దాదాపు 28 రోజులకే మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిశాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మధుమేహం ఉన్నవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు మోతాదు వేరు, అది డాక్టరే చెప్పాలి.

ఇక పాలకూర. ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది. మీరు వార్చి పారబోసే నీళ్లలోకే సగం దాకా పోతోంది. ఆకు కడిగాక తరగండి, తరిగాక కడగొద్దు. పప్పు పూర్తిగా మెత్తబడ్డాక ఆకు వేసి, మూతపెట్టి 2–3 నిమిషాలు చాలు. ఆకు వాడి, రంగు ఇంకా పచ్చగా ఉండగానే దించేయాలి. మట్టిరంగుకు తిరిగిందంటే ఎక్కువ ఉడికినట్టు. నిమ్మరసం దించాకే పిండండి. వేడికి విటమిన్ సి దెబ్బతింటుంది, పప్పులోని ఐరన్‌ను ఒంటికి పట్టించేది అదే. ఐరన్ పట్టాలంటే టీ కూడా గంట ఆగి తాగండి.

జవాబు 2:
పై జవాబుకు ఒక సవరణ. కిడ్నీలో రాళ్లు వచ్చేవాళ్లు పాలకూర తింటే వార్చి తినడమే మేలు, ఆ నీళ్లతో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లు కూడా పోతాయి. ఫోలేట్ పప్పు, శనగల్లో దండిగా దొరుకుతుంది.

అవిసె గింజల పైపొర గట్టిది. నమలకపోతే అరక్కుండా అలాగే బయటికి పోతాయి. రోజుకు ఒక టేబుల్‌స్పూన్ పొడి చాలు. కొద్దికొద్దిగా పొడిచేసి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. చేదు వాసన వస్తే పారేయండి, నూనె పాడైనట్టే.

పీసీఓఎస్‌లో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకే పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్లో చేపో, మిగతా పావే అన్నం గానీ రొట్టె గానీ. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు.

జవాబు 3:
మగవాళ్ల పళ్లెం సంగతి ఎవరూ ఎత్తలేదు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఇద్దరూ మూడు నెలల ముందే మొదలుపెట్టాలి.

అయోడైజ్డ్ ఉప్పు దించే ముందు వేయండి, డబ్బా పొయ్యి పక్కన పెట్టొద్దు. చేపల్లో చిన్నవి మంచివి. సొరచేప, కత్తిచేప లాంటి పెద్దవాటిలో పాదరసం పేరుకుంటుంది. లివర్ ఈ సమయంలో వద్దు, విటమిన్ ఎ మోతాదు మించుతుంది.

ప్రశ్న అడిగినవారు:
శనగలు నానబెట్టిన నీళ్లు పారబోస్తే వాటిలో ఫోలేట్ పోదా?

జవాబు 3:
కొంత పోతుంది. అయినా పారబోయండి. ఐరన్‌ను, జింక్‌ను పట్టి ఉంచే ఫైటేట్లు కూడా కొంత ఆ నీళ్లతో పోతాయి. 8–12 గంటలు నాననిచ్చి, కొత్త నీళ్లలో ఉడికించి, ఉడికిన నీళ్లను మాత్రం కూరలోనే ఇగరనివ్వండి. రాజ్మా అయితే కనీసం 10 నిమిషాలు తెర్లాలి. సన్న సెగ మీద వదిలేస్తే అందులోని విషపదార్థం పోదు, వాంతులవుతాయి.