బాబుకు డౌన్ సిండ్రోమ్ అన్నారు. మేనరికం వల్లేనా? రెండో బిడ్డ సంగతి?

ఆదోని_అమ్మ:
బాబుకు పదకొండు నెలలు. మెడ నిలబెడతాడు గానీ ఇంకా కూర్చోడు. డాక్టరమ్మ ముఖం చూసే డౌన్ సిండ్రోమ్ అని చెప్పేసింది, రక్తపరీక్ష అక్కరలేదంది. నేను మా మేనమామనే చేసుకున్నా. అందుకే ఇట్లా అయిందని ఊరంతా అంటాండారు. నాకు అత్తయిన మా అవ్వ మాత్రం, గ్రహణం రోజు బయటికొచ్చినావు కదా అంటాది. రెండో కాన్పుకూ ఇంతేనా? దయచేసి తెలిసినోళ్లు చెప్పండి.

పాప_నాన్న_కడప:
చెల్లెమ్మా, గ్రహణమూ కాదు, మేనరికమూ కాదు. మన కణాల్లో జన్యువులను మోసే పోగులే క్రోమోజోములు, జంటలుగా ఉంటాయి. 21వ క్రోమోజోము రెండుండాల్సిన చోట మూడు వచ్చినాయి. ఎక్కువసార్లు అండం తయారయ్యేటప్పుడే ఆ జంట విడిపోకుండా నిలబడిపోతుంది. తల్లి వయసు పెరిగే కొద్దీ అవకాశం ఎక్కువ, కానీ మా ఇంటామెకు అప్పటికి 22 ఏళ్లే.

రక్తపరీక్ష మాత్రం తప్పక చేయించు. పేరు కారియోటైపింగ్, అంటే క్రోమోజోములను లెక్కపెట్టి చూడడం. ముఖం చూస్తే జబ్బుందని అనుమానం వస్తుంది, రకం తెలీదు. నూటికి 95 మందిలో మూడో 21 విడిగా ఉంటుంది. ముగ్గురు నలుగురిలో అది 14 లాంటి ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది, దాన్నే ట్రాన్స్‌లొకేషన్ అంటారు. మా పాపది అదే. అప్పుడు మా ఇద్దరికీ పరీక్ష చేసినారు. అందరికీ 46 ఉంటే నా భార్యకు లెక్కకు 45 క్రోమోజోములే, రెండు అతుక్కుని ఒకటిగా లెక్కకొచ్చినాయి. కానీ అవసరమైంది ఏదీ తక్కువ లేదు, మనిషి ఆరోగ్యంగా ఉంది. తల్లి ఇట్లా క్యారియర్ అయితే, అంటే తనకు జబ్బు లేకుండా అతుకును మోస్తుంటే, మళ్లీ వచ్చే అవకాశం నూటికి 10 నుంచి 15. విడి రకమైతే నూటికి ఒకటి దగ్గర. ఇంత తేడా ఉంది చూడు.

రిపోర్టు వచ్చిన రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఆ 45 అనే అంకె నా కాగితంలో ఉండకూడదా అనిపించింది నాకు.

గుత్తి_మేనత్త:
మా అన్న కొడుక్కి కారియోటైపింగ్ నార్మల్ వచ్చింది. ఏమీ లేదని మూడేండ్లు వదిలేసినాం. మాటలు రాలేదు, కళ్లలోకి చూడడు. తర్వాత డీఎన్‌ఏ పరీక్షలో ఫ్రాజైల్ ఎక్స్ అనే ఇంకో జన్యు జబ్బని తేలింది. ఎక్స్ క్రోమోజోము మీద ఎఫ్‌ఎంఆర్1 అనే జన్యువులో ఒక ముక్క 200 సార్లకు మించి తిరిగి తిరిగి వస్తుందంట. మామూలు కారియోటైపులో అది కనబడదు. మగపిల్లోడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. వాడి మేనమామను చిన్నప్పటి నుంచీ అందరూ మొద్దు అనేవాళ్లు. ఆయన్ని ఎవురూ ఏ డాక్టరు దగ్గరికీ తీసుకుపోలేదు.

అనంత_స్పెషల్_టీచర్:
పాప_నాన్న గారు చెప్పింది నిజమే, కానీ మేనరికాన్ని పూర్తిగా వదిలేయొద్దు. అమ్మానాన్నలిద్దరిలో ఒకే చెడ్డ జన్యువు దాగి ఉండి బిడ్డకు రెండూ చేరితే వచ్చే జబ్బులు రక్తసంబంధంలో ఎక్కువ. వాటిల్లో కొన్నింటికి కూడా మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. క్రోమోజోము లెక్క తప్పడం వేరు, అది వేరు.

ఆదోని అమ్మా, రిపోర్టు కోసం ఆగకుండా ముందు గుండెకు ఎకో తీయించండి. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. థైరాయిడ్, చెవులు, కళ్లు కూడా చూపించండి. ఫిజియోథెరపీ ఈ వారమే మొదలుపెట్టండి. నా దగ్గరికి ఆరేళ్లకు తీసుకొచ్చే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ల్యాబ్_టెక్_కర్నూలు:
ఒక్క మాట. ఈ పరీక్షకు కణాలు బతికుండాలి. రక్తం గడ్డకట్టనీయని హెపారిన్ ఉండే పచ్చ మూత ట్యూబులోనే తీయమనండి, ఫ్రీజరులో పెట్టనీయొద్దు. హైదరాబాదులో దాదాపు మూడు రోజులు కణాలను పెంచి, విభజన మధ్యలో ఆపి లెక్కపెడతారు. శనివారం సాయంత్రం తీసింది ఆదివారమంతా ఈడనే ఉండిపోయి పాడైపోవడం చూసినా. పసిబిడ్డను మళ్లీ గుచ్చాలి.

ఆదోని_అమ్మ:
అందరికీ దండాలు. అవ్వకు ఇదంతా చదివి వినిపించినా. ఏమీ అనలేదు, బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అన్నా, ఆ ట్యూబు ఆదోనిలో దొరుకుతుందా, కర్నూలుకే రావాలా?

ల్యాబ్_టెక్_కర్నూలు:
కర్నూలుకే రామ్మా, సోమవారం పొద్దున్నే. మీ ఆయన్ని కూడా తోడు తెచ్చుకో.