ధ్యానం మొదలుపెట్టి పన్నెండు రోజులు, కాలు తిమ్మిరి తప్ప ఏమీ రాలేదు

బెజవాడ లెక్కలు (ప్రశ్న):

విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. వయసు 36. జీఎస్టీలో ప్రతి నెలా 11న ఒక రిటర్ను, 20న ఇంకో రిటర్ను. ఆ తేదీలు దగ్గర పడితే నాకు నిద్ర ఉండదు. పట్టినా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, ఎవరి బిల్లు ఎక్కించడం మర్చిపోయానా అని లెక్కలు మొదలవుతాయి. బీపీ అంచు మీద ఉంది, ధ్యానం చేయండమ్మా అన్నారు డాక్టరు గారు. ఎలాగో చెప్పలేదు.

ఫోన్లో ఒక యాప్ వేసుకున్నాను. వారం ఫ్రీ, తర్వాత డబ్బులు కట్టమంది. ఆ వారమంతా ఒక అమ్మాయి గొంతు మనసును ఖాళీ చేయమని చెబుతూనే ఉంది. నాది ఖాళీ అవ్వదు. పప్పులో ఉప్పు వేశానా అన్న దగ్గర మొదలై, అయిదో క్లాసులో నన్ను కొట్టిన టీచరు దాకా వెళ్లిపోతుంది. పద్మాసనం వేస్తే ఎడమకాలు మొద్దుబారి, లేచాక గోడ పట్టుకుని నడవాలి. మా అత్తయ్య గారేమో "దీపం పెట్టి లలితా సహస్రనామం చదువుకో, అదే ధ్యానం" అంటారు.

పొద్దున నాకు దొరికేది పావుగంట. ఇది నా వల్ల అయ్యే పనేనా? గురువు లేకుండా చేయొచ్చా?

పిరమిడ్ మిత్రుడు:

పిరమిడ్ ధ్యానం నేర్పిన పత్రీజీ చెప్పినట్టు శ్వాస మీద ధ్యాస పెట్టండి మేడమ్, అంతే. చేతివేళ్లు కలిపి, కళ్లు మూసుకుని కూర్చోండి. ఎన్నేళ్లుంటే అన్ని నిమిషాలు, అంటే మీకు 36. ఇంకేమీ అక్కర్లేదు.

నైట్‌అవుట్ డ్రైవర్:

అమ్మా, నేను ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. పావుగంట దొరికే మనిషికి 36 నిమిషాలు చెబితే మూడో రోజుకే మానేస్తుంది. పై మిత్రుడు ఏమీ అనుకోవద్దు.

నేను మొదలుపెట్టింది బస్సులోనే. నైట్‌అవుట్ అంటే సాయంత్రం ఆఖరి ట్రిప్పు పల్లెకు వేసుకెళ్లి, రాత్రి బస్సులోనే పడుకుని, తెల్లారి మొదటి ట్రిప్పు తీయడం. దేవరకొండ అవతల ఒక ఊరు. 5 గంటలకు బండి కదలాలి, నాకేమో 4 కే మెలకువ వచ్చేది. అంతకు ఏడాది ముందు గేదె అడ్డమొచ్చి నేను కొట్టిన బ్రేకుకు ఒక పెద్దావిడ ముందు సీటు కడ్డీకి గుద్దుకుంది, రెండు పళ్లు పోయాయి. కళ్లు మూస్తే అదే కనపడేది. రోజూ నా బస్సుకే వచ్చే బడి పంతులుగారు ఒకాయన, ఊరికే అలా కూర్చునే బదులు ఊపిరి వదిలినప్పుడల్లా లెక్కపెట్టు, పది కాగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టు అన్నారు.

ఇరవై రోజులు నేను సరిగ్గా పది దగ్గర ఆగింది లేదు. నాలుగు దగ్గరే తప్పిపోయేవాణ్ని, లేదంటే 27, 28 అంటూ పోతూనే ఉండేవాణ్ని. నావల్ల కాదనుకున్నాను. ఒకరోజు బండి నడుపుతుంటే తట్టింది. తిన్నటి రోడ్డు మీదైనా స్టీరింగు బిగబట్టి కూర్చుంటే బస్సు చేలోకి పోతుంది. కాస్త ఇటు, కాస్త అటు సర్దుతూనే ఉంటాం. సర్దిన ప్రతిసారీ అయ్యో తప్పాను అని ఏ డ్రైవరూ ఏడవడు. మీరు టీచరు దాకా వెళ్లారు సరే, వెళ్లానని తెలిసింది కదా? తెలిసినప్పుడు మళ్లీ ఒకటి. మనసును ఖాళీ చేయమన్న ఆ యాప్ తీసేయండి.

ఇక కాలి సంగతి. పద్మాసనం ఎవరు వేయమన్నారు? యోగసూత్రాల్లో పతంజలి అన్నది "స్థిరసుఖమాసనమ్" అని. కదలకుండా, హాయిగా ఉంటే చాలు. కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. కిందే కూర్చోవాలనుంటే దుప్పటి నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకోండి, మోకాళ్లు నడుం కంటే కిందికి దిగితే తిమ్మిరి చాలా తగ్గుతుంది.

పొద్దున బియ్యం కడిగి నానబెట్టి, అవి నానేలోపు కూర్చోండి. అన్నం ఎలాగూ వండాలి కాబట్టి మర్చిపోయే ప్రసక్తి లేదు. ఇది మా ఇంటావిడ పద్ధతి, నాది కాదు. పది నిమిషాలకు అలారం పెట్టండి, లేకపోతే కన్ను తెరిచి గడియారం చూడటమే సరిపోతుంది.

అత్తయ్య గారితో వాదన వద్దు. లలిత చదువుతుంటే పప్పు గుర్తొచ్చి, మళ్లీ నామం దగ్గరికి వచ్చారనుకోండి, అదీ ఇదే పని. కంఠతా వచ్చినవాళ్లకు నోరు ఒకచోట, మనసు ఇంకోచోట ఉంటుంది, అదొక్కటే చిక్కు.

గురువంటారా, రిటైరయ్యాక హైదరాబాదులో సాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన చేశాను, అంటే మౌనంగా ఉండి ఊపిరిని, ఒంటిని గమనించే ధ్యాన శిబిరం. ఫీజు లేదు, శిబిరం అయ్యాక తోచింది ఇవ్వొచ్చు. ఫోను తీసి పెట్టుకుంటారు, మాట్లాడకూడదు, పొద్దున 4 కే గంట కొడతారు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి చూసుకోవడమే. రెండో రోజు మధ్యాహ్నం నేను బ్యాగు సర్దేశాను. సాయంత్రం ఐదింటికి ఇచ్చే టీ, మరమరాల కోసం ఆగి, ఆగిపోయాను. మీరు ఇంట్లో రెండు మూడు నెలలు కూర్చున్నాక వెళ్లండి.

ఏలూరు నుంచి:

బెజవాడ ఆవిడకు హైదరాబాదు దేనికండీ? మా దగ్గర విజయరాయిలోనే ధమ్మ విజయ కేంద్రం ఉంది. ఇంకోటి, డ్రైవరు గారి మాట నేను ఒప్పుకోను. నేను ఇంట్లో ఒక్కరోజు కూడా కూర్చోకుండా నేరుగా శిబిరానికే వెళ్లాను. ఇంట్లో అయితే ఇప్పటికీ మొదలుపెట్టి ఉండను. కొత్తవాళ్లను కూడా వాళ్లు చేర్చుకుంటారు కదా.

నర్సమ్మ:

ఒక మాట. ఊపిరి మీద దృష్టి పెడితే కొందరికి గుండె దడ పెరుగుతుంది, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. అలా అయితే బలవంతంగా కూర్చోకండి. కళ్లు తెరిచి, పాదాలు నేలను తాకుతున్న చోటో, ఫ్యాను శబ్దమో గమనించండి. నిద్ర మాత్రలో, మనసుకు సంబంధించిన మందులో వాడుతుంటే పది రోజుల మౌన శిబిరానికి ముందు డాక్టరును తప్పకుండా అడగాలి. ధ్యానం చేస్తున్నాను కదా అని బీపీ చూపించుకోవడం మానేయకండి, మా వార్డులో ఇలాంటివాళ్లను చూస్తూనే ఉంటాం.

బెజవాడ లెక్కలు (మూడు వారాల తర్వాత):

డ్రైవర్ బాబాయ్ గారూ, కుర్చీలోనే కూర్చుంటున్నాను. కాలు బాగుంది. నాలుగు రోజులు ఎగ్గొట్టాను, అందులో రెండు రోజులు ఇంట్లో చుట్టాలు.

మొన్న 20 గడువు. మూడింటికి మెలకువ మామూలే. అయితే ఈసారి లేచి ల్యాప్‌టాప్ తెరవలేదు, పడుకునే లెక్కపెట్టాను. పద్నాలుగు దాకా పోయి నవ్వొచ్చింది. తర్వాత నిద్ర పట్టిందో లేదో తెలీదు కానీ అలారం మాత్రం నన్ను లేపింది.

పొద్దున కూర్చుని అలారం పెట్టడం మర్చిపోయాను. బియ్యం బాగా నాని అన్నం ముద్దయిపోయింది. అత్తయ్య గారు పెరుగు కలుపుకుంటూ, "నేను చెప్పినట్టు లలిత చదువుకుని ఉంటే అన్నం పొడిపొడిగా ఉండేది" అన్నారు.