కేసు పెట్టకుండా సఖి సెంటర్‌కు పోవచ్చా? (అనంతపురం)

చెనిక్కాయ:
మా చిన్నమ్మ కూతురు పోయిన నెల బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. మొగుడు తాగి కొడతాడని తెలుసు గానీ ఇంతగా అనుకోలేదు, వీపు మీద బెల్టు వాతలు నేనే చూశాను. ఇప్పుడు రాత్రి గొళ్లెం చప్పుడైతే చాలు లేచి కూర్చుంటుంది, చెంబు కింద పడితే బిడ్డను గట్టిగా పట్టుకుంటుంది. చిన్నమ్మ గాలి సోకిందని తాయత్తు కట్టించింది. చిన్నాయనేమో పంచాయితీ పెట్టి పంపిద్దామంటాడు. కేసు మాత్రం వద్దని పిల్ల ఏడుస్తోంది. ఏం చేయాలి?

హంద్రీ గట్టు:
పోవచ్చు చెల్లీ, కేసు పెట్టాలనే రూలు లేదు. సఖి సెంటరంటే ఇట్లా హింస పడిన ఆడవాళ్ల కోసం సర్కారు పెట్టిందే. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మీ జిల్లాలో అది ఎక్కడుందో చెప్తారు. కౌన్సెలింగ్, వైద్యం, లాయర్ సలహా అన్నీ అక్కడి నుంచే చూస్తారు, అవసరమైతే బిడ్డతో సహా 5 రోజుల దాకా ఉండొచ్చు. 2005 గృహహింస చట్టం కింద అయితే మొగుడిని జైల్లో పెట్టించకుండానే రక్షణ, ఖర్చులు అడగొచ్చు. ఆ మాట చెప్పి చూడు, సగం టెన్షన్ తగ్గుతుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు, దానికి 15100కి ఫోన్ చెయ్.

కడప కారం:
అక్కడ కూడా 'సర్దుకుపోమ్మా' అనేవాళ్లు తగులుతారు, మా అక్క విషయంలో ఒకామె అట్లే అనింది. అందుకే నువ్వు పక్కన కూర్చో. ఏం జరిగిందో నువ్వూ గుచ్చి గుచ్చి అడగొద్దు, మేమైతే వచ్చిన చుట్టానికల్లా చెప్పించి చెప్పించి దాన్ని ఇంకా చంపేశాం. గాలీ లేదు ధూళీ లేదు, అన్ని దెబ్బలు తిన్న మనిషికి నిద్ర ఎట్లా పడుతుంది? మా అక్కను మానసిక డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఓపీ చీటీ ఎవరూ చూడకుండా మడిచి జాకెట్లో పెట్టుకుంది, లైన్లో అంతా తెలిసినోళ్లే మరి. మండలంలోనే వారానికి ఒక పూట ఆ డాక్టరు వస్తే ఇంత తిప్పలుండదు. ఆస్పత్రికి రానంటే 14416కి ఫోన్ చేయించు, టెలి మానస్ అని మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. మా అక్క చేనుగట్టు మీద కూర్చుని తనే మాట్లాడింది. చచ్చిపోతాననే మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలొద్దు, అదే పూట పెద్దాసుపత్రికి తీసుకుపో.

చెనిక్కాయ:
కేసు లేకుండా అంటే వస్తానంది అక్కా! సోమవారం చిన్నాయన సంతకు పోతాడు, అప్పుడు బస్సెక్కుతాం. ఆధార్ మొగుడింట్లోనే ఉండిపోయింది, రానిస్తారా?

హంద్రీ గట్టు:
కార్డు లేదని ఆగొద్దు, ముందు పొండి. బిడ్డకు పాలడబ్బా, రెండు జతల బట్టలు పెట్టుకోండి.