అప్‌డేట్: సొప్రానో శాక్సఫోన్‌కి మౌత్‌పీస్ కొన్నాం

కొత్తగా నేర్చుకుంటున్న మా అమ్మాయి సొప్రానోకి ఏ మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే భాగం) కొనాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, చివరికి యమహా 4సి తీసుకున్నాం. వాయిద్యంతో పాటు వచ్చినదానిలో పై స్వరాలు కీచుమనేవి, శ్రుతి నిలిచేది కాదు. సెల్మర్ కంపెనీ సి స్టార్ మౌత్‌పీస్ కూడా మంచిదే, కానీ ధర చాలా ఎక్కువ.

4సి కొన దగ్గర, రీడ్‌కీ (ఊదితే కంపించే పలుచని పట్టీ) మౌత్‌పీస్‌కీ మధ్య సందు మరీ వెడల్పు కాదు, అందుకే మెత్తనిదైన 2వ నంబరు రీడ్‌తో తేలిగ్గా పలుకుతోంది. మీలో ఒకరు చెప్పిన పరీక్ష భలే పనికొచ్చింది: మౌత్‌పీస్ ఒక్కటే ఊది, ట్యూనర్‌లో (శ్రుతి చూపే పరికరం) సి స్వరం దగ్గర నిలపడం. మొదట్లో శ్రుతి పైకి పోయేది. పెదవుల బిగింపు వదులు చేయగానే దిగింది. తర్వాత మౌత్‌పీస్ తొడిగే చోట ఉండే కార్క్‌కి కొంచెం గ్రీజు రాసి మౌత్‌పీస్ ఇంకాస్త లోపలికి తోస్తే మధ్య స్వరాలు కుదిరాయి. పైవి ఇంకా కుదరాలి. అలాగని రీడ్ మాత్రం ఇప్పుడే ఇంకాస్త గట్టిదైన 2.5కి మార్చను. అందరికీ చాలా థాంక్స్.